బర్నింగ్ స్పియర్ ‘మార్కస్ గార్వీ’ ఆల్బమ్: ఒకే మాటను ఇన్నిసార్లు పాడటంలో ఏముంది?

పడమటి_కిటికీ
వారం రోజులుగా ఒకే ఆల్బమ్ వింటున్నాను, ఇంకా ఒక అభిప్రాయానికి రాలేకపోతున్నాను. జమైకా గాయకుడు విన్‌స్టన్ రాడ్నీ బర్నింగ్ స్పియర్ పేరుతో 1975లో వెలువరించిన ‘మార్కస్ గార్వీ’ని రూట్స్ రెగ్గేలో, అంటే ఆధ్యాత్మికతనూ జనం కష్టాలనూ పాడే జమైకా రెగ్గే శాఖలో, తప్పక వినవలసిన రికార్డుగా చెబుతారు. మా మేనమామ తన పాత సీడీలన్నీ నాకు ఇచ్చేశారు, ఇది వాటిలో దొరికింది. బాబ్ మార్లే పాటలు నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఆయన పల్లవి ఒకసారి వింటే నోటికి వచ్చేస్తుంది, చరణంలో విషయం ముందుకు నడుస్తుంది. ఇక్కడ అలా లేదు. ‘స్లేవరీ డేస్’లో బానిసత్వపు రోజులు గుర్తున్నాయా అన్న ఒక్క ప్రశ్నే మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొదటి పాటలో నల్లజాతి నాయకుడు గార్వీ చెప్పింది జరిగిందని, తినడానికి తిండి లేదని, ఖర్చుకు డబ్బు లేదని అవే మాటలు తిరుగుతుంటాయి. గొంతు బాగుంది, ట్రంపెట్లూ శాక్సోఫోన్లూ బాగున్నాయి, కాని పాట మొదలైన చోటే నిలబడిపోయినట్టు ఉంటుంది. పైగా పదకొండో పాట నుంచి మళ్ళీ ఆ పది బాణీలే వస్తున్నాయి, వాటిలో గొంతు ఒక ముక్క వినిపించి మాయమైపోతుంది. డిస్కు తయారీలోనే పొరపాటు జరిగిందేమో తెలియదు. దీన్ని చాలాకాలంగా వింటున్నవారు ఇందులో మీకు ఏమి వినిపిస్తుందో చెప్పండి.

పాతరికార్డుల_అలమర
పొరపాటు లేదు. మీ దగ్గర ఉన్నది రెండు ఎల్పీలను కలిపి వేసిన సీడీ. మొదటి పది పాటలు ‘మార్కస్ గార్వీ’, తరువాతి పది 1976లో విడిగా వచ్చిన ‘గార్వీస్ ఘోస్ట్’, అంటే అవే పాటల డబ్ రూపం. జమైకాలో సింగిల్ రికార్డుకు ఒక వైపు పాట వేసి, రెండో వైపు గొంతు తీసేసి డ్రమ్స్‌నూ బేస్‌నూ ముందుకు తెచ్చిన రూపం వేయడం అప్పటికే అలవాటు. మాటలు తిరుగుతున్నాయని మీకు అంతగా అనిపించడానికి ఈ సీడీ కూర్పు కూడా ఒక కారణం కావచ్చు. పదో పాట ‘రెస్టింగ్ ప్లేస్’ అయ్యాక ఆపేయండి. డబ్ భాగాన్ని మరో రోజు, మరో రికార్డులా వినండి.

వంతపాట
పాట నిలబడిపోయింది అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. మనకు బుర్రకథ తెలుసు. మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్యపు వంత, మరో పక్క రాజకీయపు వంత. కథకుడు ఒక ముక్క చెప్పి వదులుతాడు, వంతలు దానిని అందుకుని జనం చెవిలో దిగేదాకా తిప్పుతారు. అక్కడ ఎవరూ ‘ఈ మాట ఇందాకే చెప్పారు కదా’ అని అడగరు, ఎందుకంటే రెండోసారి వచ్చిన మాట మొదటిసారి వచ్చిన మాటతో సమానం కాదని వినేవారికి తెలుసు. ఈ ఆల్బమ్ నాటికి బర్నింగ్ స్పియర్ అన్నది ఒక్క మనిషి పేరు కాదు, ముగ్గురి బృందం. రాడ్నీ ముందు పాడతాడు, రూపర్ట్ విల్లింగ్టన్, డెల్‌రాయ్ హైన్స్ వంత పలుకుతారు. ‘స్లేవరీ డేస్’లో ప్రశ్నకు జవాబు ఉండదు. కొట్టారు, గొడ్డుచాకిరీ చేయించుకున్నారు, అక్కర తీరాక విసిరేశారు అని ఒక్కో సంగతి చెప్పి మళ్ళీ అదే ప్రశ్న దగ్గరకు వస్తాడు. మొదటిసారి అడిగినప్పుడు అది పాట. అయిదోసారి అడిగేసరికి ఇక మనల్నే అడుగుతున్నాడని అర్థమవుతుంది. నేను ఆ పాటను ఎప్పుడూ వేరే పని చేసుకుంటూ వినలేకపోయాను.

నిదానం
పోలిక బాగుంది, కాని బుర్రకథలో వంత పక్కన కథ కూడా నడుస్తుంది. ఇక్కడ కథ లేదన్నదే పడమటి కిటికీ గారి ఇబ్బంది. తిప్పి పాడిన ప్రతి పాటా గంభీరమైనది కాదు. ‘గివ్ మీ’ పాట విషయంలో నేను ఆయన పక్షాన ఉన్నాను.

మృదంగం_మోహన్
నేను పదిహేనేళ్ళు మృదంగం నేర్చుకున్నాను, రెగ్గే వైపు ఆలస్యంగా వచ్చాను, కాబట్టి తాళం వైపు నుంచి చెబుతాను. మన చెవి సమం మీద దెబ్బ కోసం ఎదురుచూస్తుంది. రూట్స్ రెగ్గేకు ఆధారమైన వన్ డ్రాప్ నడకలో నాలుగు దెబ్బల ఆవృత్తానికి మొదటి దెబ్బ ఖాళీగా వదిలేస్తారు, మూడో దెబ్బ మీద కిక్ డ్రమ్మూ స్నేర్ అంచు మీద కర్ర దెబ్బా కలిసి పడతాయి, గిటారు రెండు, నాలుగు దెబ్బల మీద పొట్టిగా తుంచినట్టు మోగుతుంది. అందువల్ల పాట అడుగు వేయబోయి ఆగినట్టు, ఆగి మళ్ళీ వేసినట్టు ఉంటుంది. మీరు ‘నిలబడిపోయింది’ అన్నది అబద్ధం కాదు, ఆ నడక గుణమే అది.

ముందుకు నడిపే పని బేస్ చేస్తుంది. ఈ ఆల్బమ్‌లో బేస్ వాయించినవారు ఇద్దరు, రాబీ షేక్‌స్పియర్, మార్లే బృందానికి చెందిన ఆస్టన్ ‘ఫ్యామిలీ మ్యాన్’ బారెట్. డ్రమ్స్ లిరాయ్ ‘హార్స్‌మౌత్’ వాలెస్. వీరందరూ కలిసిన వాద్యబృందానికి బ్లాక్ డిసైపుల్స్ అని పేరు పెట్టారు. ఒకసారి గొంతును పూర్తిగా మరచిపోయి బేస్ ఎక్కడ మాట్లాడుతుందో, ఎక్కడ మౌనంగా ఉంటుందో మాత్రమే గమనించండి. చిన్న ఇయర్‌ఫోన్లలోనూ ఫోను స్పీకరులోనూ ఆ అడుగు స్వరాలు సగం వినిపించవు. అప్పుడు మీకు మిగిలేది గొంతు, ఆ గొంతు చెప్పే నాలుగు మాటలే.

పడమటి_కిటికీ
మృదంగం మోహన్ గారు, నేను విన్నది ఇయర్‌ఫోన్లలోనే. ఆదివారం మా అన్నయ్య ఇంట్లో పెద్ద స్పీకర్లు ఉన్నాయి, అక్కడ విని చెబుతాను.

థేమ్స్_ఒడ్డు
బేస్ ప్రసక్తి వచ్చింది కాబట్టి అసలు వివాదం ఇక్కడ రాయాలి. ఈ పాటలను జమైకాలో నిర్మించినవాడు జాక్ రూబీ, అసలు పేరు లారెన్స్ లిండో, ఓచో రియోస్ ఊళ్ళో సౌండ్ సిస్టమ్, అంటే పెద్ద స్పీకర్లు పెట్టి జనానికి రికార్డులు వినిపించే ఏర్పాటు, నడిపేవాడు. ‘మార్కస్ గార్వీ’ పాటను మొదట తన సౌండ్ సిస్టమ్ కోసమే చేయించాడు, జనం వదలకపోయేసరికి సింగిల్‌గా విడుదల చేశాడు, దాని వెనకే ‘స్లేవరీ డేస్’ వచ్చింది. తరువాత ఐలండ్ రికార్డ్స్ ఆల్బమ్‌ను లండన్ నుంచి ప్రపంచానికి అందించింది. అలా అందించేటప్పుడు రాక్ వినే శ్వేతజాతి శ్రోతలకు నచ్చాలన్న ఆలోచనతో పాటలను తిరిగి మిక్స్ చేశారు, అంటే గొంతుల, వాద్యాల పాళ్ళు మార్చారు, కొన్నిటి వేగం పెంచారు. రాడ్నీకి అది నచ్చలేదు. ఆయన తన సొంత లేబుల్ పెట్టుకోవడానికి ఇది ఒక కారణం. కాబట్టి మనం సీడీలోనూ నెట్‌లోనూ ఎక్కువగా వింటున్నది ఐలండ్ తేల్చి పలచన చేసిన రూపం. జాక్ రూబీ రూపం బరువు వేరు. నా దగ్గర ఉన్న జమైకా సింగిల్‌లో అదే పాట వినిపిస్తే గదిలో కిటికీ అద్దం అదురుతుంది.

పాతరికార్డుల_అలమర
థేమ్స్ ఒడ్డు గారు చెప్పిన చరిత్ర సరైనదే, ‘పలచన’ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. రెండు రూపాలూ నేను విన్నాను. ఐలండ్ రూపంలో ట్రంపెట్ బాబీ ఎల్లిస్, ట్రాంబోన్ విన్సెంట్ గోర్డన్, శాక్సోఫోన్ రిచర్డ్ హాల్, హర్మన్ మార్క్విస్ ఎవరి గీత వారిదిగా విడివిడిగా తెలుస్తుంది. బేస్ తగ్గిందన్న బాధతో మనం ఆ పనితనాన్ని తక్కువ చేయకూడదు.

వేగం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. టేపును వేగంగా తిప్పితే లయతో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది, గొంతు సన్నబడుతుంది. రెండు రికార్డులను పోల్చేవారు చాలామంది తమ టర్న్‌టేబుల్ సరైన వేగంతో తిరుగుతోందో లేదో చూసుకోరు. పాత బెల్టు ఒకటి కొంచెం వదులైనా పాట దిగిపోతుంది. చెవితో విని ‘ఇది నెమ్మది, అందుకే ఇది అసలైనది’ అని తేల్చేయడం న్యాయం కాదు.

థేమ్స్_ఒడ్డు
టర్న్‌టేబుల్ సంగతి ఒప్పుకుంటాను, నాది ఈ ఏడాదే సరిచేయించాను. కాని వాద్యాలు విడివిడిగా వినబడటం ఎప్పుడూ మేలే అన్న మాట ఒప్పుకోలేను. ఆ పాటలు బహిరంగ స్థలంలో, మనిషంత ఎత్తు స్పీకరు పెట్టెల ముందు, వందమంది మధ్య నిలబడి వినడానికి తయారయ్యాయి. అక్కడ అన్నీ కలిసిపోయి ఒంటికి తగలాలి.

ఎర్రమట్టి
నేను మిక్స్ గొడవ తెలియకముందే ఈ ఆల్బమ్‌ను ప్రేమించాను, తెలిశాక కూడా అంతే ప్రేమిస్తున్నాను. విజయనగరంలో హాస్టల్ గదిలో, స్నేహితుడు కాపీ చేసి ఇచ్చిన క్యాసెట్‌లో విన్నాను. ఆ క్యాసెట్‌లో బేసూ లేదు, ట్రంపెట్టూ సరిగా లేదు, గరగర మాత్రం ఉంది. అయినా ఆ గొంతు వినబడగానే మా గదిలో మాటలు ఆగిపోయేవి.

చరిత్ర_చదువరి
సంగీతం గురించి ఇంత మాట్లాడుకుంటున్నాము, ఆల్బమ్ పేరులో ఉన్న మనిషి గురించి ఎవరూ రాయలేదు. మార్కస్ గార్వీ 1887 ఆగస్టు 17న జమైకాలోని సెయింట్ ఆన్స్ బేలో పుట్టాడు. రాడ్నీదీ అదే ఊరు. 1914లో నల్లజాతి ఉన్నతికై యూఎన్ఐఏ అనే సంఘాన్ని స్థాపించాడు, 1916లో అమెరికా వెళ్ళి న్యూయార్కు హార్లెమ్ కేంద్రంగా దానిని మహా ఉద్యమంగా పెంచాడు, 1919లో నల్లవారి సొంత నౌకా సంస్థ బ్లాక్ స్టార్ లైన్ ప్రారంభించాడు. ఆ సంస్థ వాటాల అమ్మకానికి సంబంధించి తపాలా మోసం అభియోగంపై 1923లో శిక్ష పడింది, 1925లో అట్లాంటా జైలుకు వెళ్ళాడు, 1927లో అధ్యక్షుడు కూలిడ్జ్ శిక్ష తగ్గించగానే దేశం నుంచి పంపేశారు. 1940 జూన్ 10న లండన్‌లో మరణించాడు. 2025 జనవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ ఆయనకు మరణానంతర క్షమాభిక్ష ప్రకటించాడు.

ఇదంతా రాసింది గొప్పతనం చెప్పడానికే కాదు. అదే గార్వీ 1922లో అట్లాంటాలో శ్వేతజాతి దురహంకార సంస్థ కు క్లక్స్ క్లాన్ నాయకుడిని కలిసి మాట్లాడాడు, డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్ వంటి నల్లజాతి నాయకులు ఆయనను తీవ్రంగా తప్పుపట్టారు. ఈ ఆల్బమ్ ఆయనను ప్రవక్తగా మాత్రమే చూపుతుంది. మనిషి మీద పాట కట్టేటప్పుడు అతని తప్పులను పూర్తిగా వదిలేయడం నాకు ఇబ్బందిగా ఉంటుంది.

వంతపాట
చరిత్ర చదువరి గారు, మీరు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు. పాట జీవితచరిత్ర కాదన్నదే నా మాట. ‘మార్కస్ గార్వీ’ పాటలో గార్వీ ఏమి చేశాడో ఒక్క ముక్క లేదు. ఆయన చెప్పింది జరుగుతోంది, మనకు తిండి లేదు, డబ్బు లేదు అని 1975 నాటి జమైకాలో ఆకలితో ఉన్నవాడు మాట్లాడుతున్నాడు. గార్వీని పట్టించిన ద్రోహి ఎక్కడ అని కూడా ఆ పాట అడుగుతుంది. ఆ అడగడంలో ఉన్నది భక్తి కంటే కోపం.

పాతరికార్డుల_అలమర
ఆ కోపం బాగా తెలిసేది ‘ఓల్డ్ మార్కస్ గార్వీ’లో. ముసలి గార్వీని ఎవరూ గుర్తు పెట్టుకోలేదని అంటూ, జనం ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో పేర్లు చెబుతాడు: పాల్ బోగల్, విలియం గోర్డన్, నార్మన్ మ్యాన్లీ, బుస్టామాంటే. మొదటి ఇద్దరూ జమైకాలో బ్రిటిషు పాలన మీద 1865లో జరిగిన మొరాంట్ బే తిరుగుబాటు తరువాత ఉరికంబం ఎక్కినవారు. తరువాతి ఇద్దరూ స్వాతంత్ర్య కాలపు రెండు ప్రధాన పార్టీల స్థాపకులు. ఈ పాట వచ్చిన 1975లో ప్రధానమంత్రి ఎవరో గుర్తు చేసుకోండి, మైకేల్ మ్యాన్లీ, ఆ నార్మన్ మ్యాన్లీ కొడుకే. కొడుకు కుర్చీలో ఉండగా తండ్రి పేరు తీసి, మీరు ఈయనను తలచుకుంటారు, గార్వీని మరచిపోయారు అని రికార్డు మీద పాడటం చిన్న ధైర్యం కాదు.

నిదానం
ఇక్కడ నాకు ఒక సందేహం ఉంది. గార్వీ భౌతికకాయాన్ని 1964లోనే లండన్ నుంచి తెచ్చి కింగ్‌స్టన్‌లో సమాధి చేశారు, దేశపు మొదటి జాతీయ వీరుడిగా ప్రకటించారు. ఇప్పుడు వారి ఇరవై డాలర్ల నాణెం మీద ఆయన బొమ్మ ఉంది. మరి పదకొండేళ్ళ తరువాత 1975లో ఎవరూ గుర్తు పెట్టుకోలేదని పాడటం నిజమా?

ఎర్రమట్టి
నాణెం మీద బొమ్మ ఉండటం, మాట మనసులో ఉండటం ఒకటి కావు. మన ఊళ్ళ కూడళ్ళలో విగ్రహాలు ఉన్నాయి, జయంతి నాడు దండ పడుతుంది, మర్నాటికి ఆ దండ ఎండిపోతుంది. విగ్రహం ఉంది కదా, మరచిపోయారని ఎందుకంటారు అని ఎవరైనా అడిగితే మనం ఏమి చెబుతాము? రాడ్నీ పాడుతున్నది ఆ ఎండిన దండ గురించి.

చరిత్ర_చదువరి
నిదానం గారి ప్రశ్న మంచిది, ఎర్రమట్టి గారి జవాబు కూడా నాకు నచ్చింది. ఒక్కటి చేర్చాలి. అమెరికా నుంచి తిరిగి వచ్చిన గార్వీ జమైకాలో పార్టీ పెట్టినప్పుడు, బ్రిటిషు పాలనలోని అక్కడి కోర్టు 1929లో ధిక్కార నేరం కింద ఆయనను మూడు నెలలు జైల్లో పెట్టింది. చివరికి 1935లో లండన్ వెళ్ళిపోయాడు, ప్రాణంతో తిరిగి రాలేదు. బతికి ఉండగా నిలువనివ్వని నేల చనిపోయాక ఊరేగించింది. ఆ తేడాను పట్టుకుంటే పాట నిజమేనని ఇప్పుడు అనిపిస్తోంది.

సింహద్వారం
గార్వీ ప్రవక్త అనడానికి రాస్తాఫారీలకు, అంటే ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీని దైవంగా కొలిచే జమైకా మతంవారికి, ఒక కారణం ఉంది. ఆఫ్రికా వైపు చూడండి, అక్కడ నల్ల రాజుకు పట్టాభిషేకం జరుగుతుంది అని ఆయన ముందే చెప్పాడని వారి నమ్మకం. 1930 నవంబరు 2న ఇథియోపియాలో హైలీ సెలాసీ పట్టాభిషేకం జరిగింది. గార్వీ మాట నిజమైందన్న పల్లవి వెనుక ఇది ఉంది. ఇది తెలియకపోతే పాటలో సగం తెలియదు.

చరిత్ర_చదువరి
నమ్మకాన్ని గౌరవిస్తాను. అయితే ఇటలీ దాడి తరువాత సెలాసీ దేశం విడిచి వెళ్ళినప్పుడు గార్వీ తన పత్రికలో ఆయనను గట్టిగా విమర్శించాడని కూడా తెలియాలి. గార్వీ రాస్తాఫారీ కాదు.

సింహద్వారం
అది నాకు తెలుసు. రాడ్నీకి కూడా తెలియకుండా ఉండదని నా అభిప్రాయం. ఆయన పాడుతున్నది తన ఊరి కొండల్లో విన్న గార్వీని.

చెరువుగట్టు
నా దగ్గర ఈ ఆల్బమ్ చూసినవాళ్ళు వెంటనే అడిగే ప్రశ్న గంజాయి గురించే. అది నన్ను నిజంగా బాధిస్తుంది. పది పాటల్లో ఉన్నది బానిసత్వం, ఆకలి, పెద్దల జ్ఞాపకం, మంచిగా బతకమన్న హితవు. ఆ ‘గంజా’ అన్న మాట కూడా జమైకాకు మన దేశపు కూలీలతోనే చేరింది.

కోరంగి_రేవు
చెరువుగట్టు గారు కూలీల మాట తెచ్చారు కాబట్టి రాస్తున్నాను. నేను మారిషస్ తెలుగువాడిని. మా ముత్తాత తండ్రి కోరంగి వైపు నుంచి ఓడ ఎక్కాడని మాత్రం తెలుసు, ఏ ఊరో తెలియదు. జమైకాలో బానిసత్వం 1838లో పూర్తిగా రద్దయింది, 1845లో మొదటి ఓడ భారతీయ కూలీలతో అక్కడికి చేరింది. ఆ తరువాత 1917 వరకు వచ్చిన సుమారు 36 వేలమందిలో అత్యధికులు కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారు. చెరకు తోటలు అవే, ఖాళీ అయిన పాకలు అవే, మనుషులు మారారు. ఒప్పందపు కూలీతనాన్ని బానిసత్వంతో సమానం చేయను, అలా చేస్తే అంతకుముందు అక్కడ కొరడా దెబ్బలు తిన్నవారికి అన్యాయం చేసినట్టవుతుంది. అయినా ఆ రోజులు గుర్తున్నాయా అని రాడ్నీ అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చేది మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదన్న సంగతి. మా నాయనమ్మను చిన్నప్పుడు అడిగాను, చెరకు ఆకు చేతులు కోస్తుందని మాత్రం చెప్పి లేచి వెళ్ళిపోయింది.

మా దీవిలో సెగా పాటనూ రెగ్గేనూ కలిపి సెగ్గే అనే బాణీ పుట్టింది. జమైకా నుంచి వచ్చిన ఆ నడక తమదేనని ఇక్కడివారికి ఎందుకు అనిపించిందో వివరించడానికి ‘స్లేవరీ డేస్’ చాలు.

పడమటి_కిటికీ
కోరంగి రేవు గారు, మీ నాయనమ్మగారి మాట చదివిన తరువాత చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మృదంగం_మోహన్
రాబీ షేక్‌స్పియర్ గురించి ఒక ముక్క. 2005లో ఐర్లండ్ గాయని షినేడ్ ఓ కానర్ కింగ్‌స్టన్‌లో పూర్తి రూట్స్ రెగ్గే ఆల్బమ్ చేసినప్పుడు ‘మార్కస్ గార్వీ’ని కూడా పాడింది. దాని నిర్మాతలు డ్రమ్మర్ స్లై డన్‌బార్, రాబీ జంట. ముప్పై ఏళ్ళ కిందట ఏ ఆల్బమ్‌లో బేస్ వాయించాడో దాని శీర్షిక పాటకే మళ్ళీ పనిచేశాడు. రాబీ 2021 డిసెంబరులో, ఫ్యామిలీ మ్యాన్ 2024 ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. ఈ ఆల్బమ్ వేసినప్పుడల్లా ఆ ఇద్దరినీ తలచుకుంటాను.

తొలిచినుకు
నేను కొత్తగా వింటున్నాను. బర్నింగ్ స్పియర్ అన్న పేరు ఎక్కడిది?

సింహద్వారం
కెన్యా స్వాతంత్ర్య నాయకుడు జోమో కెన్యట్టాను ‘మండే ఈటె’ అని పిలిచేవారు, అక్కడి నుంచి తీసుకున్నారు. రాడ్నీ పాటల్లోకి రావడం వెనుక బాబ్ మార్లే కూడా ఉన్నాడు. సెయింట్ ఆన్ కొండల్లో మార్లే గాడిదతో, బకెట్లతో, మొక్కలతో పొలానికి వెళుతుండగా రాడ్నీ కలిసి, పాడాలని ఉందని చెప్పాడట. కింగ్‌స్టన్ వెళ్ళి స్టూడియో వన్‌లో చూడమని మార్లే చెప్పాడట. 1969లో అక్కడే మొదటి పాట రికార్డు చేశాడు. గార్వీ, మార్లే, రాడ్నీ ముగ్గురిదీ సెయింట్ ఆన్ ప్రాంతమే.

థేమ్స్_ఒడ్డు
‘గార్వీస్ ఘోస్ట్’ మీద ఎవరూ తీర్పు చెప్పలేదు. నాకు అది తృప్తినివ్వలేదు. అంత బరువైన పాటలకు ఇంత మెత్తని డబ్ సరిపోదు.

పాతరికార్డుల_అలమర
మెత్తన అన్నది ఒప్పుకుంటాను, సరిపోదు అన్నది ఒప్పుకోను. గొంతు పోయాక మొదటి మాట మాత్రం ఒక్కసారి వినిపించి తరువాత వాద్యమే మిగిలినప్పుడు, ఆ ఖాళీలో నేను పాట మొత్తం లోపల పాడుకుంటాను. వందసార్లు అదే మాట విన్నందువల్లే అది సాధ్యమైంది. కొత్తవారు మాత్రం దీనితో మొదలుపెట్టవద్దు.

పడమటి_కిటికీ
ఆదివారం అన్నయ్య ఇంట్లో విన్నాను. పది పాటలే, పదో పాట తరువాత ఆపేశాను. మొదట బేస్ ఒక్కటే వినాలని కూర్చున్నాను కాని ‘స్లేవరీ డేస్’ వచ్చేసరికి కుదరలేదు. ఇయర్‌ఫోన్లలో గొంతు పైన తేలుతూ ఉండేది, ఈసారి బేస్ నేల మీద నడుస్తుంటే గొంతు దాని మీద నిలబడి అడుగుతోంది. వంతపాట గారు చెప్పినట్టు నాలుగోసారో అయిదోసారో వచ్చినప్పుడు ఆ ప్రశ్న మారింది. మా వదిన వంటింట్లోంచి వచ్చి, ఆయన ఏమి అడుగుతున్నాడని నన్ను అడిగింది. చెప్పాను. పాట అయ్యేదాకా అక్కడే నిలబడింది.

‘ఓల్డ్ మార్కస్ గార్వీ’లో ఆ పేర్లు ఎవరివో తెలిసి వినడం వేరుగా ఉంది, నిన్నటిదాకా అవి నాకు శబ్దాలు మాత్రమే. ‘గివ్ మీ’ విషయంలో నిదానం గారితోనే ఉన్నాను, అది ఇప్పటికీ నాకు సగం పాటలాగే ఉంది. ‘ట్రెడిషన్’, ‘జోర్డన్ రివర్’ నచ్చాయి. రాత్రి మామయ్యకు ఫోన్ చేసి ఈ సీడీ ఎప్పుడు కొన్నారని అడిగాను. ఆయన కొనలేదట. కనెక్టికట్‌లో ఆయనతో పాటు పనిచేసిన జమైకా పెద్దాయన ఒకరు ఉద్యోగం మానేసిన రోజున చేతిలో పెట్టి, పెద్దగా పెట్టుకుని వినమని మాత్రం చెప్పి వెళ్ళాడట. మామయ్య దానిని ఎప్పుడూ పూర్తిగా వినలేదన్నారు, ఇప్పుడు తిరిగి పంపమంటున్నారు. ఈయన తరువాతి ఆల్బమ్ ఏది వినాలి?

వంతపాట
1976లో వచ్చిన ‘మ్యాన్ ఇన్ ది హిల్స్’ వినండి. నిర్మాత జాక్ రూబీయే, పాడింది ఆ ముగ్గురే, ఆ తరువాత విడిపోయారు. గార్వీ ఆల్బమ్ కంటే మెత్తగా ఉంటుంది, కొండ మీది ఊరు, పిల్లలు, అమ్మ అందులో ఉన్నారు.

థేమ్స్_ఒడ్డు
దాని తరువాత 1977లో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో రికార్డు చేసిన ‘లైవ్’ వినండి. వెనుక బ్రిటన్ రెగ్గే బృందం అస్వాద్ వారు వాయించారు, ‘స్లేవరీ డేస్’ అందులో కూడా ఉంది. సీడీని మామయ్యగారికి పంపేముందు ఆ పదకొండో పాట నుంచి కూడా ఒకసారి వినండి, పెద్ద స్పీకర్లలో.